దిద్దుబాటు - దస్తూరి: మార్గదర్శక శిక్షణ తరువాత వెలువడే వర్ధమాన రచనల పరిశీలన (తూర్పు హైదరాబాదు నేపథ్యంలో)

ఉపోద్ఘాతం

కొత్తగా రాస్తున్నవారిని ఒకచోట చేర్చి, అనుభవజ్ఞులైన రచయితల పర్యవేక్షణలో కొంతకాలం రాయించి, చివర ఆ రచనలను సభలో చదివించడం, సంకలనంగా ప్రచురించడం నేటి తెలుగు సాహిత్య జీవితంలో పరిచితమైన విషయమే. దీనిని కొందరు కార్యశాల అంటారు, కొందరు శిబిరం అంటారు, ప్రభుత్వ పథకాలు మెంటర్‌షిప్ అంటాయి. పేరు ఏదైనా ఫలితం ఒకటే. ఒక కొత్త రచయిత తొలిసారి పాఠకుల ముందు నిలబడినప్పుడు అతని వెనుక మరొకరు నిలబడి ఉంటారు.

ఇటువంటి రచనల విషయంలో మన విమర్శ రెండు విధాలుగా తప్పుకుంటున్నది. ఒకటి, ప్రోత్సాహం పేరిట అన్నిటినీ మెచ్చుకోవడం. రెండు, ఇవి శిక్షణ ఫలితాలే గనుక సాహిత్యంగా పట్టించుకోనవసరం లేదనడం. ఈ రెండూ రచనను చదవకుండా చెప్పే తీర్పులే. దిద్దుబాటుకు గురై వచ్చిన రచనలో రచయిత దస్తూరిని ఎట్లా గుర్తించాలి, దిద్దుబాటు రచనను ఎక్కడ నిలబెడుతుంది, ఎక్కడ చెరుపుతుంది అనే ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు సాహిత్య కేంద్రాలకు దూరంగా, సాగర్ రోడ్డును ఆనుకొని ఉన్న చంపాపేట్ ప్రాంతాన్ని దృక్కోణంగా తీసుకుంటున్నాను. ఆ ఎంపికకు కారణం మూడవ విభాగంలో స్పష్టమవుతుంది.

1. ఉస్తాదు నుంచి కార్యశాల దాకా

రచనను పెద్దలకు చూపించి దిద్దించుకోవడం హైదరాబాదుకు కొత్త కాదు. ఉర్దూ కవిత్వంలో దీనికి ‘ఇస్లాహ్’ అనే స్థిరమైన పేరున్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్‌కు కవితా గురువైన దాగ్ దెహల్వీ 1905లో ఈ నగరంలోనే కన్నుమూశాడు. దూరప్రాంతాల యువకవులు ఆయనకు తమ గజళ్ళను తపాలాలో పంపి దిద్దించుకునేవారు. యువకుడిగా ఇక్బాల్ కూడా అట్లా పంపినవాడే. ఈ సంప్రదాయంలో గమనించవలసింది దాపరికం లేకపోవడం. శిష్యుడు తన ఉస్తాదు పేరును గౌరవంగా చెప్పుకునేవాడు. ఎవరి దిద్దుబాటు పొందాడో తెలియడం వల్ల కవి స్థాయి తగ్గేది కాదు.

తెలుగులోనూ గురుశిష్య పరంపర ఇంతే బాహాటమైనది. ప్రబంధ అవతారికలలో గురుస్తుతికి, పూర్వకవి స్తుతికి స్థానం ఉన్నది. బందరులో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి శిష్యులుగా విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు ఎదిగారు. ముగ్గురిదీ ఒకే గురువు, కాని ముగ్గురిదీ ఒకే గొంతు కాదు. గురుత్వం విజయవంతమైందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

తెలంగాణలో ఈ పాత్రను గురువుకు బదులు సంపాదకుడు వహించాడు. తెలంగాణలో కవులే లేరన్న ఆక్షేపణకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో వెలువరించిన ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులు కనిపిస్తారు. ఆయన అక్కడ పద్యాలను దిద్దే గురువు కాదు, ఉన్నవారిని వెతికి, వారి వివరాలతో సహా లోకానికి చూపిన సంపాదకుడు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో స్థాపించిన దేశోద్ధారక గ్రంథమాల ఇంకొక మెట్టు. పుస్తకం అచ్చువేయడంతో ఆగక, దానిని మోసుకొని పాఠకుని గడప దాకా తీసుకుపోయిన ప్రచురణకర్త ఆయన. తనతో జైలు జీవితం పంచుకున్న ఆళ్వారుస్వామికే దాశరథి ‘అగ్నిధార’ను అంకితమిచ్చాడు. ఇక్కడ ఆసరా రాతను సవరించడంగా రాలేదు, తోడుండటంగా వచ్చింది.

రాష్ట్రావతరణ తరువాత హైదరాబాదు చేరిన కుందుర్తి ఆంజనేయులు ఫ్రీవర్స్ ఫ్రంట్ ద్వారా వచనకవులకు గుర్తింపునిచ్చే పద్ధతిని నెలకొల్పారు. ఆయన తదనంతరం శీలా వీర్రాజు దానిని కొనసాగించారు. కె. శివారెడ్డి చుట్టూ లకడీకాపూల్ ద్వారకా హోటల్లో చేరిన కవుల బృందం మరొక తరహా. అక్కడ పాఠ్యప్రణాళిక లేదు, ప్రవేశపత్రం లేదు. చాయ్ బల్ల దగ్గర చదివిన కవితకు అక్కడికక్కడే స్పందన దొరికేది. ఆంధ్రజ్యోతిలో చేకూరి రామారావు నిర్వహించిన ‘చేరాతలు’ శీర్షిక దూరం నుంచే ఈ పని చేసింది. భాషాశాస్త్రవేత్త అయిన చేరా కొత్త కవిని భుజం తట్టి వదిలిపెట్టకుండా, ఆ కవి వాక్యం ఎట్లా పనిచేస్తున్నదో విప్పి చూపాడు. కొత్త కవికి అంతకు మించిన గౌరవం లేదు.

కథలో ఈ బాధ్యతను ఎక్కువకాలం మోసినవారు కాళీపట్నం రామారావు. ‘కథాకథనం’ ద్వారా కొత్త కథకులతో మాట్లాడారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం ప్రారంభించారు. వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘కథాశిల్పం’ ఈ చర్చకు పరిభాషను సమకూర్చింది. ఇటీవలి కాలంలో మహమ్మద్ ఖదీర్‌బాబు, కె. సురేష్ నిర్వహించిన రైటర్స్ మీట్, దాని నుంచి వెలువడిన ‘కొత్త కథ’ సంకలనాలు కథకుల సమావేశాన్ని ప్రచురణతో ముడివేశాయి. కవిత్వంలో యాకూబ్ నేతృత్వంలోని కవిసంగమం లామకాన్‌లో మూడు తరాల కవులను ఒకే వేదికపై చదివించింది. పెద్ద కవి చదివిన సాయంత్రమే అదే శ్రోతల ముందు కొత్త కవి కూడా చదవడం ఈ పద్ధతిలోని విశేషం. కొత్తవారికి విడిగా ఒక ‘ప్రోత్సాహక’ సభ పెట్టకపోవడమే దాని బలం.

ఈ పరిణామాన్ని మూడు నమూనాలుగా చూడవచ్చు. గురువు రచనను దిద్దుతాడు. సంపాదకుడు రచనను ఎంచుతాడు. కార్యశాల రచనను పుట్టిస్తుంది. మూడవ నమూనాలో రచన పుట్టుకకు ముందే గడువు, నిడివి, శ్రోతలు నిర్ణయమై ఉంటారు. విమర్శకుడు ఈ తేడాను గుర్తించకపోతే మూడింటినీ ఒకే గాటన కట్టే ప్రమాదం ఉన్నది.

2. ముందుమాట చెప్పేది, చెప్పనిది

మార్గదర్శకత్వం అచ్చులో మిగిల్చే ముఖ్యమైన ఆనవాలు ముందుమాట. తొలి పుస్తకానికి పెద్దల ముందుమాట ఉండటం తెలుగులో దాదాపు ఆచారమైంది. ఈ ఆచారంలో చాలా ముందుమాటలు రచయిత ఊరు, ఉద్యోగం, వినయం గురించి చెప్పి, రెండు మూడు రచనలను పేర్కొని, మరిన్ని రచనలు రావాలని ఆశీర్వదించి ముగుస్తాయి. రాసినవారు ఆ రచనలో ఏం మార్పించారో, రచయిత దేనికి ఒప్పుకోలేదో ఎక్కడా కనిపించదు.

శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ 1950లో పుస్తకంగా వచ్చినప్పుడు చలం ముందుమాటకు ఉన్న పేరు ‘యోగ్యతాపత్రం’. పేరుకు ధ్రువపత్రమే గాని, అది కవికి యోగ్యతను ప్రసాదించే రచన కాదు. ఆ కవిత్వాన్ని అందుకోగల యోగ్యత పాఠకునికి ఉన్నదా అని నిలదీసే రచన. ముందుమాట రాసేవాడు కవి పక్షాన నిలబడి పాఠకునితో తలపడటం అందులో చూస్తాం. నేటి శిక్షణ సంకలనాల ముందుమాటలు ఇందుకు విపర్యయంగా, పాఠకుని పక్షాన నిలబడి కొత్త రచయితను క్షమించమని కోరుతాయి. ‘తొలి ప్రయత్నం గనుక’ అన్న మాట రచయితకు మేలు చేయదు. అది రచనను విమర్శ పరిధి నుంచి మర్యాదగా బయటకు పంపుతుంది.

గురజాడ 1910లో ప్రచురించిన ‘దిద్దుబాటు’ కథ ఈ సందర్భంలో గుర్తుకు రావడం సహజం. అందులో భర్తను దిద్దే కమలిని ఉపన్యసించదు. ఒక ఉత్తరం పెట్టి, అదే గదిలో మంచం కింద దాగి ఉంటుంది. తన తప్పును గోపాలరావే తెలుసుకొని పలకవలసి వస్తుంది. మంచి దిద్దుబాటు లక్షణం అదే. దిద్దేవారు గదిలోనే ఉంటారు, మాట మాత్రం రచయిత నోటినుంచే రావాలి. అయితే కథ ముగిసేలోగా కమలిని బయటపడుతుంది. మన సంకలనాలలో మార్గదర్శి చివరిదాకా మంచం కిందనే ఉండిపోతున్నాడు. లోపం దిద్దడంలో లేదు, దిద్దినట్లు చెప్పకపోవడంలో ఉన్నది.

3. చంపాపేట్ దూరం

హైదరాబాదులో తెలుగు సాహిత్య సభలు జరిగే చోట్లను లెక్కపెడితే ఒక పటం ఏర్పడుతుంది: రవీంద్రభారతి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, బంజారాహిల్స్ లామకాన్. రాయాలనుకునే కొత్తవారు నివసించే పటం వేరు. నల్లగొండ, దేవరకొండ, ఇబ్రహీంపట్నం వైపుల నుంచి వచ్చినవారికి నగరం సాగర్ రోడ్డు మీద మొదలవుతుంది. బి.ఎన్.రెడ్డి నగర్, కర్మన్‌ఘాట్, చంపాపేట్, ఐ.ఎస్.సదన్ వరుసగా తగులుతాయి. విజయవాడ రహదారిన వచ్చినవారికి వనస్థలిపురం, ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ తగులుతాయి. 2007లో ఎల్.బి.నగర్ వంటి శివారు మున్సిపాలిటీలు కలిసి జీహెచ్ఎంసీ ఏర్పడింది. పాలన రీత్యా శివారు నగరమైంది గాని, సాహిత్య రీత్యా ఆ విలీనం ఇంకా పూర్తికాలేదు.

2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ - అమీర్‌పేట మెట్రో మార్గం మొదలైన తరువాత దూరం కొంత తగ్గింది. అయినా చంపాపేట్ ఆ మార్గం మీద లేదు. సాయంత్రం ఆరుకు మొదలు కావలసిన సభ ఆలస్యమై, అతిథుల ప్రసంగాలు ముగిసి, కొత్తవారి పఠనం వంతు వచ్చేసరికి ఇల్లు చేరే బస్సు గురించి ఆలోచన మొదలవుతుంది. స్త్రీలకు ఈ ఆలోచన ఇంకా ముందే మొదలవుతుంది. కార్యక్రమ క్రమంలో కొత్తవారిని చివర ఉంచడం మర్యాద ప్రశ్న మాత్రమే కాదు. ఎవరు చదవగలరు, ఎవరు చదవకుండానే వెళ్ళిపోతారు అన్నదానిని అది నిర్ణయిస్తుంది. కవిసంగమం తరహా పఠనానికి విలువ ఇక్కడ మరింత బోధపడుతుంది.

ఈ ప్రాంతానికి మరొక ప్రత్యేకత ఉన్నది. దిల్‌సుఖ్‌నగర్ పరిసరాలు పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలకు, హాస్టళ్ళకు పేరుపొందినవి. ఇక్కడ ‘శిక్షణ’ అనే మాటకు నిర్దిష్టమైన అర్థం ఉన్నది: ముందే తెలిసిన ప్రశ్నకు ముందే తెలిసిన జవాబును నిర్ణీత సమయంలో రాయడం. సాహిత్య శిక్షణ ఇందుకు భిన్నమైనదని అందరం ఒప్పుకుంటాం. కాని గడువు, నిడివి, పోటీ, ఎంపిక జాబితా, ధ్రువపత్రం అనే చట్రం రెండింటిలోనూ ఒకటే అయినప్పుడు రచనలు కూడా జవాబుపత్రాల పోలిక తెచ్చుకుంటాయి. కార్యశాల కథలో తరచు కనిపించే కొన్ని లక్షణాలు - సంఘటన మధ్యలో ప్రారంభం, రెండవ పేరాలో గతంలోకి మళ్ళడం, చివరి వాక్యంలో కొసమెరుపు - విడివిడిగా దోషాలు కావు. ఒకే సంకలనంలో కథ తరువాత కథ ఇదే నడక నడిస్తే, మనం చదువుతున్నది పది మంది రచయితలను కాదు, ఒక పాఠాన్ని.

4. దిద్దిన వాక్యం

దిద్దుబాటు స్వభావం వాక్యస్థాయిలో బాగా తెలుస్తుంది. ఏ రచయితనూ ఉద్దేశించకుండా, చర్చ కోసం కల్పించుకున్న రెండు ఉదాహరణలను పరిశీలిద్దాం.

నల్లగొండ ప్రాంతం నుంచి వచ్చిన కొత్త కథకురాలు ‘అవ్వ గడపల కూసున్నది’ అని కథనంలో రాసిందనుకుందాం. దీనిని ‘అవ్వ గడపలో కూర్చుంది’ అని మార్చడం మాండలికాన్ని ప్రమాణభాషలోకి తేవడమే అనిపిస్తుంది. కాని మారింది ధ్వని మాత్రమే కాదు. ‘కూసున్నది’ అప్పటికే కూర్చొని ఉన్న స్థితిని చెప్పగలదు. ‘కూర్చుంది’ అప్పుడే జరిగిన క్రియను చెబుతుంది. మొదటి వాక్యంలో అవ్వ మనం వచ్చేసరికే అక్కడున్నది, ఎంతసేపటి నుంచో ఎదురుచూస్తున్నది. రెండవ వాక్యంలో మన కళ్ళ ముందు వచ్చి కూర్చున్నది. ఎదురుచూపు కథకు ప్రాణమైతే ఆ ప్రాణం సవరణలో పోయింది.

రెండవ ఉదాహరణ మరింత స్పష్టమైనది. ‘నాయిన సాగర్ రోడ్డు మీదికెళ్ళి వచ్చిండు’ అనే వాక్యంలో ‘మీదికెళ్ళి’ తెలంగాణ వాడుకలో ‘మీదుగా’, ‘మీది నుంచి’ అనే అర్థాన్నిస్తుంది. ఈ వాడుక తెలియని మార్గదర్శి దానిని ‘సాగర్ రోడ్డు మీదికి వెళ్ళి వచ్చాడు’ అని సవరిస్తే ప్రయాణం దిక్కే మారిపోతుంది. ఊరి నుంచి ఆ దారిన నగరానికి చేరిన తండ్రి, ఇంటి నుంచి రోడ్డు దాకా వెళ్ళి తిరిగివచ్చిన తండ్రిగా మారతాడు. వలస కథ వ్యాహ్యాళి కథ అవుతుంది. వాక్యం వ్యాకరణ రీత్యా నిర్దుష్టంగా ఉండటం వల్ల ఈ నష్టం పాఠకునికి ఎన్నటికీ తెలియదు.

సంభాషణలో మాండలికాన్ని, కథనంలో ప్రమాణభాషను ఉంచాలన్నది కార్యశాలల్లో వినిపించే సాధారణ సలహా. ఇది కొన్ని కథలకు సరిపోతుంది. కాని దానిని నియమంగా చేస్తే ఒక అధికార సంబంధం ఏర్పడుతుంది. పాత్రలు మాట్లాడతాయి, వారి గురించి ఆలోచించేవాడు మాత్రం వేరే భాషలో ఆలోచిస్తాడు. చంపాపేట్ అద్దె గదిలో ఉంటూ రాస్తున్న యువకునికి ఆ రెండు భాషలూ సొంతమే. ఇంటితో ఒకటి, కళాశాలలో మరొకటి మాట్లాడుతాడు. అతని కథనం రెండింటి మధ్య తడబడితే ఆ తడబాటు లోపం కాకపోవచ్చు, అది అతని అనుభవానికి రూపం కావచ్చు. కనుక మార్గదర్శి అడగవలసిన ప్రశ్న ‘ఈ మాట సరైనదేనా’ అని కాదు, ‘ఈ కథ ఎవరు చెబుతున్నారు’ అని. మొదటి ప్రశ్నకు నిఘంటువు జవాబిస్తుంది. రెండవదానికి రచయిత ఒక్కరే జవాబివ్వగలరు.

5. ముందుగా నిర్ణయమైన వస్తువు

ప్రభుత్వ స్థాయిలో ఈ నమూనాకు ప్రముఖ ఉదాహరణ ప్రధానమంత్రి యువ పథకం. 2021 మే 29న ప్రకటితమైన ఈ పథకాన్ని నేషనల్ బుక్ ట్రస్ట్ అమలు చేస్తున్నది. తొలి విడతలో ముప్ఫై ఏళ్ళ లోపు రచయితలు 75 మందిని ఎంపిక చేసి, ఆరు నెలల మార్గదర్శకత్వం, నెలకు 50,000 రూపాయల ఉపకారవేతనం, పుస్తక ప్రచురణ, రాయల్టీ కల్పించారు. తెలుగుతో సహా వివిధ భారతీయ భాషలకు ఇందులో అవకాశం ఉన్నది. తెలుగులో తొలి పుస్తకాన్ని రచయితే సొంత ఖర్చుతో వేసుకోవడం సర్వసాధారణం. ఆ స్థితిలో యువ రచయితకు రాసిన కాలానికి వేతనం ఇవ్వడం చిన్న మార్పు కాదు. దానిని తక్కువ చేసి చూడరాదు.

అయితే ఈ పథకంలో ప్రతి విడతకూ వస్తువు ముందే నిర్ణయమై ఉంటుంది. మొదటి విడతకు జాతీయోద్యమం, 2022లో మొదలైన రెండవ విడతకు ప్రజాస్వామ్యం. అంటే రచయిత తనకు వస్తువు దొరికి శిక్షణకు రావడం లేదు, శిక్షణ కోసం వస్తువును వెతుక్కుంటున్నాడు. నిర్ణీత వస్తువు మీద గొప్ప రచన రాదని కాదు. సమస్యాపూరణం చేసిన జాతి మనది, ఇచ్చిన సమస్యను సొంతం చేసుకోవడం మనకు తెలుసు. కాని అవధాని సమస్యను ఎట్లా తిప్పుకున్నాడో సభ మొత్తం చూస్తుంది, అతని ప్రతిభ అక్కడే రుజువవుతుంది. ఇచ్చిన వస్తువులో రచయిత తన ఊరిని, తన ఇంటి జ్ఞాపకాన్ని, తన సందేహాన్ని ఎక్కడ ప్రవేశపెట్టగలిగాడు అన్నది ఇటువంటి పుస్తకాల విమర్శకు మొదటి ప్రశ్న కావాలి.

ఈ పథకం ప్రకటన వెలువడిన వారం లోపే, 2021 జూన్ 4న, కాళీపట్నం రామారావు మరణించారు. ఇది యాదృచ్ఛికమే. కాని ఒక మనిషి జీవితకాలం ఓపికగా, గడువు లేకుండా చేసిన పనిని ఆరు నెలల పథకం ఎంతవరకు చేయగలదన్న ప్రశ్నను ఆ రెండు తేదీలు పక్కపక్కన పెడతాయి. మొదటిదానికి వేతనం లేదు, రెండవదానికి వ్యవధి లేదు. కొత్త రచయితకు రెండూ అవసరమే.

6. విమర్శ బాధ్యత

పై పరిశీలనకు ఒక ఆక్షేపణ ఉన్నది. రచన ఎప్పుడూ ఒక్కరి సొత్తు కాదు. సంపాదకుడు, మిత్రుడు, తొలి పాఠకుడు అందరూ అందులో చేయి చేసుకుంటారు. కనుక ‘అసలు గొంతు’ కోసం వెతకడం వృథా శ్రమ అనవచ్చు. ఈ ఆక్షేపణలో సత్యం ఉన్నది. చెళ్ళపిళ్ళ శిష్యులు గాని, ద్వారకా మిత్రులు గాని ఏకాంతంలో కవులు కాలేదు. అందుకే ఇక్కడ వెతుకుతున్నది ఎవరూ తాకని గొంతును కాదు. తాకినవారితో సంవాదం జరిపిన గొంతును. సలహాలన్నీ స్వీకరించిన రచన సలహాదారుది. ఏదీ స్వీకరించనిది శిక్షణకు ఎందుకు వచ్చినట్లు? దేనికి ఒప్పుకొని దేనికి ఎదురు నిలిచిందో తెలిసే రచనే రచయితది.

దీనిని తెలుసుకోవడానికి కొన్ని ఆచరణలు సాధ్యమే. శిక్షణ నిర్వహించేవారు తొలిప్రతిని, తుదిప్రతిని రెండింటినీ భద్రపరచాలి, రచయిత అంగీకారంతో పరిశోధకులకు అందుబాటులో ఉంచాలి. కథానిలయం అచ్చయిన కథకు చేసిన సేవను అచ్చుకు ముందటి కథకు విశ్వవిద్యాలయ శాఖలు చేయవచ్చు. ముందుమాట రాసే మార్గదర్శి తాను సూచించిన ఒక ముఖ్యమైన మార్పును, రచయిత నిరాకరించిన ఒక సూచనను పేర్కొనవచ్చు. విమర్శకుడు శిక్షణ సంకలనంతో ఆగకుండా ఆ రచయిత మార్గదర్శి లేకుండా రాసిన రెండవ రచన కోసం ఎదురుచూసి, రెండింటినీ కలిపి చదవాలి. సభానిర్వాహకులు అప్పుడప్పుడు సభనే రచయితల దగ్గరకు, సాగర్ రోడ్డుకు ఈవలి వైపుకు, తీసుకురావాలి. వీటిలో ఏదీ ఖర్చుతో కూడినది కాదు, అలవాటు మారడమే కావాలి.

ముగింపు

గోలకొండ కవుల సంచిక నాటి ప్రశ్న ‘ఇక్కడ రాసేవారున్నారా’ అన్నది. దానికి 354 పేర్లతో జవాబు వచ్చింది. నేటి ప్రశ్న అది కాదు. రాసేవారున్నారు, నేర్పేవారున్నారు, వేదికలూ సంకలనాలూ ఉన్నాయి. రాసినదానిని రచనగా చదివేవారున్నారా అన్నది నేటి ప్రశ్న. చప్పట్లు కొట్టే శ్రోత, ఆశీర్వదించే పెద్ద, ధ్రువపత్రమిచ్చే సంస్థ ముగ్గురూ కలిసినా ఒక్క పాఠకుని లోటు తీర్చలేరు. ‘మీదికెళ్ళి’ అన్న మాట దగ్గర ఆగి, అది తప్పా, దారా అని ఆలోచించే పాఠకుడు దొరికిన రోజున కొత్త రచయితకు శిక్షణ పూర్తయినట్లు. ఆ పాఠకుడు కావడమే విమర్శకుని పని.